పాచి తినే పోస్టు

చేపకు సర్వీసు రిజిస్టరు తెరిచిన గుమాస్తా ఈ రాష్ట్రంలో ఎవరైనా ఉన్నారంటే అది నేనే. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేం నామోషీ లేదు. ఇరవై ఏడేళ్ళుగా ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో కూర్చున్నవాణ్ణి. మనుషుల రిజిస్టర్లలో ఎన్ని తప్పులు దొర్లాయో నాకు తెలుసు. ఆ చేప రిజిస్టరులో మాత్రం ఒక్క కొట్టివేత లేదు.

మాది భీమవరంలో కాలువ గట్ల సరిహద్దు రాళ్ళ శాఖ. ఆ పేరు మీరు వినలేదంటే అది మీ తప్పు కాదు. డెల్టా కాలువ గట్ల మీద ఎప్పుడో పాతిన రాళ్ళు పాతిన చోటే ఉన్నాయని ఏటా ధ్రువీకరించడం మా పని. రాళ్ళు కదలవు కాబట్టి పని సాఫీగానే సాగుతుంది. గట్టు పక్కన చేపల చెరువులు తవ్వుకున్న రైతులకు మాత్రం రాయి కదల్లేదని మా దగ్గర కాగితం కావాలి. కాగితం కోసం వచ్చినవాళ్ళు కూర్చోవాలి. వాళ్ళు కూర్చునే హాల్లోనే ఈ కథంతా జరిగింది.

రాజధానిలో ఎవరో పెద్దాయన పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని, అక్కడున్న చేపల తొట్టి చూస్తూ పంటి నొప్పి మరచిపోయాడట. మరుసటి నెలలో మాకు సర్క్యులర్ వచ్చింది. పథకం పేరు ‘ప్రశాంత ప్రాంగణం’. "కార్యాలయమునకు విచ్చేయు పౌరులు నిరీక్షించు కాలమున వారి మనస్సునకు ఉపశమనము కలిగించు నిమిత్తము ప్రతి కార్యాలయమునందును ఒక మంచినీటి చేపల తొట్టిని, వెలుతురు పుష్కలముగా ప్రసరించు స్థలమున నెలకొల్పవలెను. నెలకొల్పిన పిదప ఎట్టి పరిస్థితులలోను కదల్పరాదు" అని అందులో ఉంది. పని త్వరగా చేసి పంపిస్తే జనం నిరీక్షించనక్కర్లేదు కదా అని ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది గానీ నేను అలాంటివి ఫైలు మీద రాసే రకం కాదు.

రెండడుగుల అద్దాల తొట్టి వచ్చింది, అందులోకి ఆరు గోల్డ్ ఫిష్‌లు వచ్చాయి. వెలుతురు పుష్కలంగా అన్నారు కాబట్టి తూర్పు కిటికీ కింద పెట్టించారు. మా డీడీ, అంటే డిప్యూటీ డైరెక్టరు, అవసరాల ఆదిశేషయ్య గారు రిబ్బను కత్తిరించి, చేపలనుద్దేశించి పావుగంట ప్రసంగించారు. పొద్దున్న పది నుంచి పన్నెండు దాకా ఎండ నేరుగా నీళ్ళలో పడేది. కాగితం కోసం కూర్చుని విసిగిపోయిన రైతులు బిస్కెట్లు విరిచి అందులో వేసేవాళ్ళు. ఎండకి, బిస్కెట్లకి కలిసి పది రోజుల్లో అద్దాలకు పచ్చగా పాచి పట్టింది.

మొదట్లో అది సమస్యే కాలేదు, ఎందుకంటే మాకు పేరంటాలు ఉంది. మా ఆఫీసు ఊడ్చే మనిషి. పద్దెనిమిదేళ్ళుగా రోజువారీ లెక్కన చేస్తోంది. ఎవరూ చెప్పకుండానే ఒక పుల్లకి పాత పళ్ళ బ్రష్షు కట్టి, శనివారం శనివారం తొట్టిలో చెయ్యి పెట్టి అద్దాలు నిగనిగలాడేట్టు తోమేసేది. మా ఆఫీసుకు ‘పారిశుధ్య సహాయకులు’ అని మంజూరైన పోస్టు ఒకే ఒక్కటుంది. పదకొండేళ్ళుగా అది ఖాళీ. దాంట్లోకి పేరంటాల్ని తీసుకోవచ్చని నేను ప్రతిపాదన రాసి పంపడం, హెడ్డాఫీసు ఏదో ఒక ప్రశ్న వేసి తిప్పి పంపడం మామూలైపోయింది. ఆఖరిసారి వచ్చిన ప్రశ్న, "సదరు వ్యక్తి ఊడ్చుటలో పొందిన శిక్షణ ఎట్టిది?" అని.

ఆ పోస్టు ఆమెకు ఎంత అవసరమో ఆఫీసులో అందరికీ తెలుసు. మా దగ్గర ఊడ్చాక మిగతా పూటంతా రొయ్యల షెడ్డులో తలలు తీసేది. ఏళ్ళ తరబడి ఐసులో నాని ఆమె వేళ్ళు వంకర్లు పోయాయి. ఇంకో రెండేళ్ళు ఆ పనికెళ్తే చెయ్యి ముడవడం కూడా రాదని డాక్టరు చెప్పాడు. షెడ్డు మానాలంటే ఇక్కడ పర్మనెంటు కావాలి. నెలకోసారి నా టేబులు తుడుస్తూ, "బాబుగారూ, మన కాయితం ఎంతదాకా వచ్చిందండీ" అని అడిగేది. పైన ఉందమ్మా అనేవాణ్ణి. ఎంత పైన అని ఆమె ఏనాడూ అడగలేదు.

ఇలా ఉండగా ఒక శనివారం జాయింట్ కమిషనర్ గారు తనిఖీకి వచ్చారు. సరిగ్గా ఆ వేళకు పేరంటాలు మోచేతి దాకా తొట్టిలో ఉంది. ఆయన నిలబడిపోయారు. మూడో రోజు మెమో వచ్చింది. "నేల ఊడ్చుటకు వినియోగింపబడుచున్న వ్యక్తి, ఎట్టి ఉత్తర్వులు లేకయే నీటియందు చేయి యుంచుట గమనించబడినది. ఇది విధి పరిధిని అతిక్రమించుటయే గాక, జలచరముల ఏకాంతమునకు భంగకరము. తక్షణమే నిలుపుదల చేయవలెను."

నిలుపుదల చేశాం. మూడు వారాల్లో తొట్టి ముదురాకుపచ్చ అయిపోయింది. లోపల చేపలున్నాయో లేవో తెలిసేది కాదు. పక్కనున్న ఉండి అనే ఊరి నుంచి వచ్చిన ఒక ముసలాయన దాని ముందు చాలాసేపు కూర్చుని, ఇది గోంగూర ఊరేశారా అని మా సూపరింటెండెంటుని అడిగాడు.

ఆదిశేషయ్య గారు నన్ను పిలిచి పాచి తినే చేపలు ఉంటాయట, కనుక్కుని రమ్మన్నారు. ఊళ్ళో రంగు చేపలమ్మే మస్తాన్ వలీ దగ్గరికి వెళ్ళాను. నా మాట పూర్తిగా వినకుండానే, "ముందు ఆ తొట్టిని కిటికీ దగ్గర్నుంచి గోడవారకి జరపండి సార్. ఎండ తగలకపోతే సగం పాచి పట్టనే పట్టదు" అన్నాడు. కదల్పరాదని సర్క్యులర్ ఉందని చెప్పాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, సరే చేపలు చూపిస్తాను రమ్మన్నాడు. చూపించినవన్నీ నోట్ చేసుకుని, అడుగున తిరుగుతూ పాచి తినే రకాలు ఐదు అందుబాటులో ఉన్నాయని ఫైలు పెట్టాను. ఒక చేప కొనుక్కురావడానికి అనుమతి కోరాను, అంతే. తప్పంతా అక్కడే జరిగింది. ఫైలు పెట్టకుండా జేబులో వేసుకొచ్చి తొట్టిలో పడేసి ఉంటే పీడా పోయేది.

ఆ ఫైలు మా సూపరింటెండెంటు కొల్లి వీరభద్రం గారి దగ్గర ఆగింది. ఆయనకి రూల్సు పుస్తకాలు కంఠతా వచ్చు. ఆఫీసులో ఏ పనైనా ఎందుకు చెయ్యకూడదో ఆయనంత బాగా చెప్పగలిగినవాళ్ళు జిల్లాలో లేరు. డీడీ గారి గదిలో సమావేశమయ్యాం. వీరభద్రం గారు గొంతు సవరించుకున్నారు.

"గోల్డ్ ఫిష్ అలంకార సామగ్రి అండి. అది ఏ పనీ చెయ్యదు. కర్టెన్ల పద్దులో కొన్నాం, అభ్యంతరం రాలేదు. ఇప్పుడు తెచ్చేది పని చేస్తుంది. ప్రభుత్వ ప్రాంగణంలో ఉండి, ప్రభుత్వ పని చేసేదాన్ని సామగ్రి అనడానికి వీల్లేదు."

మరేమనాలి అని డీడీ గారు అడిగారు.

"సిబ్బంది అనాలండి."

డీడీ గారు నవ్వుతారనుకున్నాను. ఆదిశేషయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పాయింటే అన్నారు. అక్కడి నుంచి ఇక ఆగలేదు. సిబ్బంది అయితే నియామకం కావాలి. నియామకానికి ఖాళీ పోస్టు కావాలి. పాచి తియ్యడం పారిశుధ్యం కిందికి వస్తుంది. పారిశుధ్యానికి మన దగ్గర ఉన్న పోస్టు ఒక్కటే. అది పేరంటాలు కోసం పంపిన ప్రతిపాదనలో ఉందండి అని నేను మెల్లిగా గుర్తు చేశాను.

"ఆవిడ ఫైలు ఎక్కడికీ పోదు సుదర్శనం," అన్నారు డీడీ గారు, చాలా దయగా. "పాచి ఆగదు కదా."

నాకు ఒళ్ళు మండింది. మండినా, నోటిఫికేషను డ్రాఫ్టు చేసింది నేనే. "అడుగున నివసించునవి, పాచి భక్షించుటయందు ఆసక్తి గలవి, మంచినీటికి అలవాటు పడినవి అర్హములు. సముద్ర జలచరములు దరఖాస్తు చేయనవసరము లేదు." చేపలకు రిజర్వేషన్ రోస్టరు ఎలా పాటించాలో స్పష్టత కోరుతూ హెడ్డాఫీసుకి రాశాం. ఇప్పటికీ జవాబు రాలేదు.

పేరంటాలుకి సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. చీపురు పట్టుకుని నిలబడి పూర్తిగా వింది.

"చేపకాండీ?" అంది.

చేపకే అన్నాను.

"దానికి చీపురు పట్టుకోడం వత్తాదాండి?"

అది నోటిఫికేషనులో అడగలేదమ్మా అన్నాను. ఆమె వరండా ఊడవడానికి వెళ్ళిపోయింది. ఆ రోజు భోజనం నాకు సయించలేదు.

ఇంటర్వ్యూలు సోమవారం పదకొండు గంటలకి. మస్తాన్ వలీ అభ్యర్థుల్ని నీళ్ళ ప్లాస్టిక్ సంచుల్లో తీసుకొచ్చి హాల్లో బెంచీ మీద వరసగా పెట్టాడు. కాగితాల కోసం వచ్చిన రైతులు లేచి వాటికి చోటిచ్చారు. ఒక్కో సంచిని లోపలికి తెచ్చి కమిటీ ముందున్న గాజు గిన్నెలోకి వదలడం, మస్తాన్ వలీ దాని తరఫున జవాబులు చెప్పడం పద్ధతి.

మొదటిది ‘కోరి’ అనే రకం. చిన్న మీసాల చేప. గిన్నె అడుగున వేసిన ఇసకని మూతితో అదే పనిగా తవ్వడం మొదలెట్టింది. వచ్చిన క్షణం నుంచి ఖాళీగా లేదు చూడండి, ఎంత శ్రద్ధో అని వీరభద్రం గారు మెచ్చుకున్నారు. అది పాచి ముట్టదండి, కింద పడ్డ మేత ఏరుకు తింటుంది, అంతే అన్నాడు మస్తాన్ వలీ. అయినా వీరభద్రం గారు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. తనకు తెలిసినవాళ్ళెవరో గుర్తొచ్చి ఉంటారు.

రెండోది ‘ఓటో’ అనే చేప. వేలి కణుపంత ఉంటుంది. పాచి శుభ్రంగా తింటుంది గానీ ఒక్కటిగా బతకదు, ఆరింటిని కలిపి తీసుకోవాలన్నాడు. డీడీ గారి మొహం మారిపోయింది. ఇవాళ ఆరు కలిసి వస్తాయి, రేపు సంఘం పెడతాయి, ఎల్లుండి గేటు దగ్గర కూర్చుంటాయి అన్నారు. తిరస్కరించాం.

మూడోది నత్త. మస్తాన్ వలీ దాన్ని బాగా సిఫారసు చేశాడు. తొట్టికి హాని లేదు, రోజంతా అద్దాల మీద పాకుతూ పాచి గీకేస్తుంది. కానీ దేహదారుఢ్య ధ్రువపత్రంలో వెన్నెముక నిటారుగా ఉందా అనే గడి ఉంది. దీనికి వెన్నెముకే లేదు. మా శాఖలో అది లేకుండా చాలామంది నెట్టుకొస్తున్న మాట నిజమే గానీ, వాళ్ళెవరూ ధ్రువపత్రంలో ఆ సంగతి రాయించుకోలేదు. నత్త పోయింది.

నాలుగోది బ్రిసిల్ నోస్. మూతి నిండా చిన్న చిన్న కొమ్ముల్లాంటివి ఉంటాయి. నాలుగైదంగుళాలకి మించి పెరగదు, మీ తొట్టికి సరిగ్గా సరిపోయేది ఇదే అని మస్తాన్ వలీ గట్టిగా చెప్పాడు. పనివేళలు ఎలా ఉంటాయని వీరభద్రం గారు అడిగారు. పగలు చెక్క చాటున దాక్కుంటుంది, చీకటి పడ్డాక పని మొదలెడుతుంది అన్నాడాయన. కార్యాలయ వేళలు పదిన్నర నుంచి ఐదు అని వీరభద్రం గారు గుర్తు చేశారు. ఆ వేళల్లో సీటులో కనబడని ఉద్యోగిని తీసుకుంటే తనిఖీకి జవాబెవరు చెబుతారని అడిగారు. పని అయిపోయి ఉంటుంది కదండీ అన్నాడు మస్తాన్ వలీ. పని అయిందా లేదా అన్నది తనిఖీ పత్రంలో అంశం కాదని ఆయనకు ఓపిగ్గా వివరించాం.

ఐదోది సక్కర్. మూడంగుళాలుంది, నల్లటి చారలు, రెక్క విప్పితే దర్జాగా ఉంది. గిన్నె అద్దానికి నోరు అంటించి కదలకుండా కమిటీ వైపే చూస్తూ ఉండిపోయింది. పర్సనాలిటీ ఉంది అన్నారు డీడీ గారు. ఇది వద్దండి బాబూ అని మస్తాన్ వలీ బతిమాలాడు. చిన్నప్పుడే పాచి తింటుంది, అడుగున్నర దాకా పెరుగుతుంది, రెండడుగుల తొట్టిలో తిరగడానికి చోటుండదు, పెరిగాక పని మానేసి పక్క చేపల ఒంటి మీద జిగురు పీకుతుంది అని చెప్పాడు. మరెందుకు తెచ్చావని అడిగితే, ఐదు రకాలని మీరే రాశారు కదా సార్ అన్నాడు. ఉద్యోగంలో చేరాక పెరగాలనుకోవడం తప్పేమీ కాదని డీడీ గారు తేల్చేశారు.

సక్కర్ చేరిన రోజున హాల్లో కూర్చున్న ఒక చెరువు రైతు తొట్టి దగ్గరకొచ్చి దాన్ని గుర్తుపట్టాడు. పోయినేడు తన చెరువులో ఇవి పడి వలలన్నీ చింపేశాయట. మేతంతా మింగేసి పంటను నాశనం చేశాయట. దీనికి మీరు ఉద్యోగం ఇచ్చారా అని ఆయన నన్ను ఎంతో మర్యాదగా అడిగాడు. పోటీ గట్టిగానే ఉందండి అని చెప్పాను.

సర్వీసు రిజిస్టరు తెరిచాను. పుట్టుమచ్చల దగ్గర ‘శరీరమంతటా’ అని రాశాను. వేలిముద్ర బదులు తోక రెక్క ముద్ర తీశాం. అన్నీ కంప్యూటరులోకి ఎక్కించాక, చివర్లో నామినీ గడి దగ్గర అది ఆగిపోయింది. ఖాళీగా వదిలితే ముందుకు పోదు. అప్పటికి తొట్టి దగ్గర నిలబడి ఆ చేపకి దోసకాయ ముక్క వేస్తున్నది పేరంటాలు ఒక్కతే. నామినీ పేరు: పేరంటాలు. ఉద్యోగితో సంబంధం: సంరక్షకురాలు. నొక్కాను, వెళ్ళిపోయింది. ఇందులో నా దురుద్దేశం ఏమీ లేదని ప్రమాణం చేయగలను. చేసి చూపించమంటే మాత్రం కాస్త ఆలోచిస్తాను.

పోస్టు భర్తీ అయింది కాబట్టి ఆ నెలాఖరుతో పేరంటాల్ని రావద్దన్నారు. ఊడవడానికి ఏజెన్సీ నుంచి ఎవరో వస్తారన్నారు, ఎవరూ రాలేదు. ఆమె పూర్తిగా రొయ్యల షెడ్డుకి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, ఆ చేపకి పని రాకపోతే పోస్టు మళ్ళీ తనకొస్తుందా అని. అబద్ధం చెప్పలేకపోయాను. ప్రొబేషనులో చేప పని బాగాలేదని తేలితే పోస్టే అనవసరమని రద్దు చేస్తారు, ఒకసారి రద్దయితే మళ్ళీ జన్మలో రాదు అని చెప్పాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

రెండు నెలలు సక్కర్ నిజంగానే పని చేసింది. మూడో నెలలో మానేసింది. పెరిగి జానెడు దాటింది, తొట్టి అడుగున కదలకుండా పడుకునేది. అయినా అద్దాలు అద్దాల్లాగే ఉన్నాయి. డీడీ గారు పొంగిపోయి, "అంకితభావమునకు నిదర్శనముగా నిలిచిన" అంటూ ప్రశంసాపత్రం ఇచ్చి తొట్టికి అతికించారు. నాకు అనుమానం వచ్చి ఒకరోజు పొద్దున్నే ఏడున్నరకి ఆఫీసుకి వెళ్ళాను. వాచ్‌మన్ తలుపు తీసి ఉంచాడు. లోపల పేరంటాలు, షెడ్డు గౌను మీదే, పుల్లకి కట్టిన బ్రష్షుతో తొట్టి తోముతోంది.

ఇదేంటమ్మా అన్నాను.

"దీనికి మంచి పేరు రావాల కదండి," అంది. "దీని పేరు పోతే పోస్టు పోతాదని తవరే సెప్పారు కదా. పోస్టు ఉంటే ఎప్పటికైనా ఆశ ఉంటాది."

మనిషన్నవాడికి సిగ్గనేది ఉంటుంది కదండీ, అది ఆ పూట నాకు బాగా తెలిసొచ్చింది. వాచ్‌మన్‌తో తలుపు రోజూ అలాగే తీసి ఉంచమని మాత్రం చెప్పాను. ఆమె చేతిలో బ్రష్షు అప్పటికే రెండు వేళ్ళతోనే నిలుస్తోంది, మిగతావి ముడవడం లేదు.

ఆరో నెలలో ప్రొబేషను పూర్తయినట్టు ఉత్తర్వులు ఇచ్చాం. ఉద్యోగం ఖాయమయ్యాక సక్కర్ గోల్డ్ ఫిష్‌ల జోలికి వెళ్ళడం మొదలెట్టింది. వెనక నుంచి వచ్చి వాటి ఒంటికి అతుక్కునేది. ఒక్కొక్కటే పోయాయి. ఎనిమిదో నెలకి తొట్టిలో అదొక్కటే మిగిలింది, ఆ ఇరుకులో అటు తిరగడానికి కూడా అవస్థ పడుతూ. అలంకార సామగ్రి సహజ క్షీణత అని రాసి, ఆరింటినీ రిజిస్టరు నుంచి తొలగించాం.

అప్పుడు కమిషనర్ గారే స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. అద్దాలు బాగున్నాయి గానీ నీళ్ళు మిలమిల మెరవడం లేదని డీడీ గారికి బెంగ పట్టుకుంది. వీరభద్రం గారు దగ్గరుండి తొట్టిలో రెండు గుప్పెళ్ళ బ్లీచింగ్ పౌడరు వేయించారు. నీళ్ళు నిజంగానే మెరిశాయి. పదకొండు గంటల పది నిమిషాలకి కమిషనర్ గారు హాల్లోకి అడుగు పెట్టేసరికి, మా పారిశుధ్య సహాయకులు పొట్ట పైకి పెట్టి తేలుతున్నారు.

కమిషనర్ గారు ఒక్క మాటే అన్నారు. మరణ కారణం మీద వారంలోగా నివేదిక కావాలన్నారు.

డీడీ గారి గదిలో మళ్ళీ కూర్చున్నాం, ఈసారి ఏసీ వేసినా అందరికీ చెమటలే. నేను రెండు నోట్లు టైపు చేసుకుని వెళ్ళాను. మొదటి దాంట్లో ఉన్నది ఉన్నట్టు రాశాను, బ్లీచింగ్ పౌడరు, రెండు గుప్పెళ్ళు, ఎవరి సమక్షంలో అన్నీ. ప్రభుత్వ ఉద్యోగి మరణానికి కారకులైన అధికారుల మీద ఏ రూలు ప్రకారం చర్య తీసుకోవచ్చో వీరభద్రం గారి పుస్తకంలోంచే ఎత్తి రాశాను. రెండో దాంట్లో, "సదరు ఉద్యోగి కార్యాలయ వేళలలో, తన స్థానమునందే ఉండి, విధి నిర్వహణలో కన్నుమూసెను" అని రాశాను. కింద చిన్న పేరా ఉంది. విధి నిర్వహణలో మరణించిన ఉద్యోగి నామినీకి నిబంధనల మేరకు కారుణ్య నియామకం ఇవ్వవలసి ఉన్నది.

ఆదిశేషయ్య గారు రెండూ చదివారు. నామినీ ఎవరని అడిగారు. చెప్పాను. ఆయన నా వైపు చాలాసేపు చూశారు, నేను ఫ్యాను వైపు చూశాను. వీరభద్రం గారు పుస్తకం రెండుసార్లు తిరగేసి, రూలు ఉందండి, కాదనడానికి లేదు అన్నారు. జీవితంలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. డీడీ గారు రెండో నోటు మీద సంతకం పెట్టారు.

ఇంకో గండం మిగిలింది. కారుణ్య నియామకానికి నామినీ మృతుడి మీద ఆధారపడి బతికినట్టు రుజువు కావాలి. జాయింట్ కమిషనర్ గారు, అదే నీళ్ళలో చేయి పెట్టకూడదన్నాయన, విచారణకి వచ్చారు. పేరంటాలు షెడ్డు నుంచి నేరుగా వచ్చి ఆయన ముందు నిలబడింది. చేతులు కొంగులో దాచుకుంది. మృతునితో నీ సంబంధం, ఆధారపడిన వైనం వివరంగా చెప్పమని ఆయన అడిగారు. ఏం చెప్పాలో నేర్పుతానని ముందు రోజే ఆమెతో అన్నాను. అక్కర్లేదు బాబుగారూ అంది.

"అయ్యా, ఈ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు మనుసుల మీద ఆధారపడ్డానండి," అంది పేరంటాలు. "ఎనిమిది నెలలు ఆ సేప మీద ఆధారపడ్డాను. నన్ను తవరి ముందు నిలబెట్టింది అదే కదండి. ఆధారం ఎవరో తవరే రాసుకోండి."

జాయింట్ కమిషనర్ గారు పెన్ను మూత తీశారు. ‘ఆధారపడినట్లు నిర్ధారణయైనది’ అని రాసి లేచారు. మామూలుగా ఆయన టీ తాగకుండా వెళ్ళరు, ఆ రోజు తాగలేదు.

ఉత్తర్వు నలభై రోజుల్లో వచ్చింది. పేరంటాలు రొయ్యల షెడ్డు మానేసింది. వేళ్ళు పూర్తిగా బాగుపడవట గానీ ఇక చెడవని డాక్టరు చెప్పాడట. చేరిన రోజున హాజరు పుస్తకంలో కష్టపడి సంతకం పెట్టి, నేరుగా హాల్లోకి వెళ్ళి, ఖాళీ తొట్టిని కిటికీ కింద నుంచి ఈడ్చి గోడవార పెట్టేసింది. పర్మనెంటు మనిషి జరిపింది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. కొత్త నీళ్ళు పోసింది. మస్తాన్ వలీ నాలుగు చిన్న చేపల్ని ఊరికే ఇచ్చాడు. సగం పాచి పట్టడమే మానేసింది.

మిగతా సగం సంగతి మీకు మాత్రమే చెబుతున్నాను. ఆ తొట్టిలో ఒక చెక్క ముక్క ఉంది. దాని చాటున బ్రిసిల్ నోస్ ఒకటి ఉంది, ఇంటర్వ్యూలో తప్పినదే. పగలు ఎవరికీ కనబడదు. పొద్దున్న వచ్చేసరికి అద్దాలు తళతళలాడుతూ ఉంటాయి. పేరంటాలు సాయంత్రం వెళ్ళేటప్పుడు ఒక దోసకాయ ముక్క వేసి వెళ్తుంది. ఏ రిజిస్టరులోనూ దాని పేరు లేదు. దాని మీద నేను ఏ ఫైలూ తెరవలేదు.